ఇడ్లీ పిండి, తీపి సాంబారు, పితికిపప్పు: బెంగళూరు పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది గుంటూరు అక్కా. అక్కడ రాత్రి రుబ్బి పెడితే తెల్లారేసరికి పిండి గిన్నె మూత లేపేసేది. ఇక్కడ డిసెంబరు వచ్చిందంటే పెట్టింది పెట్టినట్టే ఉంటోంది. ఇడ్లీలు గట్టిగా వస్తున్నాయి, మా ఆయన ఏమీ అనడు గానీ పక్కన పెట్టేస్తున్నాడు. వంటసోడా వేసేయనా?
– మారతహళ్ళి పాఠకురాలు

జవాబు: సోడా జోలికి పోకండి. తప్పు మీ చేతిది కాదు, చలిది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు 15, 16 డిగ్రీలకు దిగిపోతుంది. పిండిని పులియబెట్టే సూక్ష్మజీవులకేమో 30 డిగ్రీల దగ్గర ఉంటేనే హుషారు. కొలత మీకు తెలిసిందే, మినప్పప్పు ఒక గ్లాసుకి ఇడ్లీ రవ్వ రెండు. పప్పులో అర చెంచా మెంతులు వేసుకోండి. నానబెట్టే ముందే పప్పు శుభ్రంగా కడిగేసి, తర్వాత ఆ నానిన నీళ్ళతోనే రుబ్బండి, చాలామంది నానిన పప్పును మళ్ళీ నాలుగుసార్లు కడిగి, పులియబెట్టాల్సిన వాటిని కాస్తా సింకులో పారబోస్తారు. రవ్వ నీళ్ళు గట్టిగా పిండేసి చేత్తోనే కలపండి. ఉప్పు ఎక్కువైతే పులియడం ఆలస్యమవుతుంది కాబట్టి చలికాలంలో పొద్దున్నే వేసుకోండి. ఓవెన్ ఉంటే వేడి చేయకుండా లోపలి లైటు మాత్రం వేసి గిన్నె అందులో పెట్టండి. లేదంటే వెడల్పాటి గిన్నెలో వేడినీళ్ళు పోసి, పిండి గిన్నె అందులో దించి పైన దుప్పటి కప్పేయండి.

అన్నిటికంటే ముఖ్యం టైము. రాత్రి ఎనిమిదింటికి రుబ్బితే పొద్దున ఏడింటికి ఇడ్లీ అన్న గుంటూరు లెక్క ఇక్కడ చెల్లదు, మధ్యాహ్నమే రుబ్బాలి. గరిటె అంచుతో పిండిని కాస్త పక్కకి తీస్తే లోపల జల్లెడలా బుడగలు కనబడాలి, చిన్న ముద్ద నీళ్ళలో వేస్తే తేలాలి. అప్పటికీ పొంగలేదా, టెన్షన్ పడకుండా మందపాటి మూకుట్లో నూనె పోసి, ఆ పిండితో సన్నటి సెగ మీద దిబ్బరొట్టె వేసేయండి. మీ ఆయన దాన్ని మాత్రం పక్కన పెట్టడు.

ప్రశ్న: ఇక్కడి దర్శినుల్లో (నిలబడి తినే టిఫిన్ హోటళ్ళలో) సాంబారు అంత తియ్యగా ఎందుకుంటుంది?
– హెబ్బాళ పాఠకుడు

జవాబు: ఉడుపి పద్ధతి అండీ, బెల్లం పడుతుంది. ఇష్టం లేకపోతే ప్లేటు అందుకునేటప్పుడే సాంబారు సపరేట్‌గా ఇమ్మనండి, లేకపోతే ఇడ్లీలు అందులో ముంచే ఇస్తారు. చట్నీ ఇంకోసారి అడిగితే ఎక్కువచోట్ల కాదనరు.

ప్రశ్న: ఏలూరు నుంచి అమ్మానాన్న వస్తున్నారు. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. మాల్స్ వద్దంటున్నారు. ఒక్క పూటలో ఏం చూపించాలి, ఏం తినిపించాలి?
– బీటీఎం లేఅవుట్ పాఠకుడు

జవాబు: బసవనగుడి తీసుకెళ్ళండి. గ్రీన్ లైన్ మెట్రోలో నేషనల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కితే గాంధీ బజార్ దగ్గరే. అక్కడ 1943 నుంచి ఉన్న విద్యార్థి భవన్‌లో మసాలా దోస తినిపించండి. శుక్రవారం సెలవు. శని, ఆదివారాలు పేరు రాయించుకుని చాలాసేపు నిలబడాలి, మీ నాన్నగారి మోకాళ్ళకి అది కుదరదు, కాబట్టి మామూలు రోజు పెందలాడే వెళ్ళండి. వడ్డించేవాళ్ళు దోస ప్లేట్లని ఒకదాని మీద ఒకటి పేర్చి చెయ్యి పొడవునా ఎత్తుకొస్తారు, మీ అమ్మగారు తినడం మానేసి అదే చూస్తారు. దోస మన పేపర్ దోసలా పల్చగా ఉండదు. పైన ఎర్రగా కరకరలాడుతూ లోపల మెత్తగా, నెయ్యి వేళ్ళకి అంటుతూ ఉంటుంది.

అక్కణ్ణుంచి దొడ్డ బసవణ్ణ గుడి దగ్గరే. పదహారో శతాబ్దంలో కెంపేగౌడ కట్టించిందంటారు, ఏకశిలా నంది దాదాపు 15 అడుగుల ఎత్తుంటుంది. మెట్లున్నాయి, నాన్నగారు వద్దంటే కింద దొడ్డ గణపతి దగ్గర కూర్చోమనండి. కార్తీక మాసం చివరి సోమవారం నాటికి వస్తే ఇంకా మంచిది, అక్కడే కడలేకాయి పరిషె (వేరుశెనగకాయల జాతర) జరుగుతుంది, రోడ్డుకి రెండువైపులా వేరుశెనగకాయల కుప్పలే. శంకరపురంలోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్ నాకిష్టం (సాంబారే ఉండదు, ఇడ్లీ మీద చట్నీ పోస్తారు, అంతే) కానీ నిలబడి తినాలి, అక్కడికి మీరు ఇంకోరోజు వెళ్ళండి. మధ్యాహ్నం ఆంధ్రా మీల్స్ ఆలోచన మాత్రం మానుకోండి. ఏలూరు నుంచి ఇంత దూరం వచ్చినవాళ్ళకి మళ్ళీ పప్పు, గోంగూర పచ్చడి దేనికండీ? కూర్చోబెట్టి వడ్డించే చోటు కావాలంటే లాల్‌బాగ్ దగ్గర 1924 నాటి ఎంటీఆర్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యం కరువొచ్చినప్పుడు బొంబాయి రవ్వతో ఇడ్లీ చేయడం మొదలుపెట్టింది తామేనని వాళ్ళు చెప్పుకుంటారు. ఆ రవ్వ ఇడ్లీ రుచి చూపించండి.

ప్రశ్న: నంది కొండకి సూర్యోదయం ఫోటోల కోసం వెళ్తే అంతా మంచు. ఫోటోలన్నీ బూడిద రంగులో వచ్చాయి.
– యలహంక పాఠకురాలు

జవాబు: 1,478 మీటర్ల కొండ మీద మంచు మన చేతిలో లేదు. ముందు ఫోను లెన్స్ తుడవండి, చెమ్మ పట్టేస్తుంది. ఒక చెట్టునో మనిషినో దగ్గరగా పెట్టుకుని, స్క్రీన్ మీద వెలుతురు కాస్త పెంచి తీయండి, మంచు తెల్లగా పడుతుంది. దిగొచ్చాక నంది ఊళ్ళో భోగ నందీశ్వరాలయం చూడకుండా రాకండి, అక్కడి కోనేటి మెట్ల మీద పొద్దుటి ఎండలో తీసిన ఫోటోలే ఇంట్లోవాళ్ళకి నచ్చుతాయి.

ప్రశ్న: పక్కింటి ఆంటీవాళ్ళది కోలారు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. సంచీడు అనపకాయలిచ్చి ‘పితికిపప్పు చేసుకో’ అన్నారు. మాది కాకినాడ, మాకిది తెలీదు.
– కృష్ణరాజపురం పాఠకురాలు

జవాబు: చిత్తూరు, అనంతపురం వాళ్ళనడిగితే మీ సంచీ లాక్కుంటారు! సంక్రాంతి ముందూ వెనకా దొరికే చిక్కుడు జాతి కాయలివి. గింజలు వొలిచి రాత్రంతా నీళ్ళలో వేయండి. పొద్దున ఒక్కో గింజని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే తోలు చేతిలో మిగిలి పచ్చటి పప్పు ఎగిరి అవతల పడుతుంది, అందుకని గిన్నె దగ్గరగా పెట్టుకోండి. ఒక్కరే కూర్చుంటే విసుగొస్తుంది, పిల్లల్ని కూర్చోబెట్టండి. ఉల్లిపాయ, టమాటా వేయించి, కొబ్బరి, ధనియాలు, అల్లం, వెల్లుల్లి, చెక్క, లవంగం, కొత్తిమీర రుబ్బి పోసి పప్పు అందులో ఉడికించండి. కుక్కర్ వద్దు, చితికిపోతుంది. రాగి సంగటిలోకి మొదటి మాట, దోసెలోకి రెండోది. మిగిలిన పప్పు డబ్బాలో వేసి ఫ్రీజర్లో పెడితే సీజను అయిపోయాక కూడా వండుకోవచ్చు.