తాతగారి ఇంజన్ని 1000కి లేపొచ్చా?

ప్రశ్న: మేస్త్రిగారూ నమస్కారమండి. మాది పి.గన్నవరం దగ్గర లంక ఊరు. మా తాతగారు కొన్న లిస్టర్ టైపు ఆయిల్ ఇంజనుంది, రెండు పెద్ద చక్రాలది, ప్లేటు మీద 6 హెచ్‌పీ, 650 ఆర్పీఎం అని ఉంది. ఇదివరకు కొబ్బరి తోటకీ దాళ్వాకీ ఏటి నీళ్ళు తోడేది, ఇప్పుడు రెండెకరాలు చెరువు తవ్వాం, నీళ్ళు చాలట్లేదు. పంపుకి 3 అంగుళాల పైపు, ఏటి గట్టు దాటి చెరువు దాకా చాలా దూరమే ఉంటుంది. లోడు పడితే నల్లపొగ కక్కుతుంది. మా ఊరి కుర్రాడొకడు ఇంజను స్పీడుని అదుపులో పెట్టే గవర్నర్ స్ప్రింగు మార్చి 1000కి లేపుతానంటున్నాడు, సిలిండరు మీద మూతలా ఉండే హెడ్డుని లేతులో కొంచెం దించి ఇంజనుకి డీజిలు కొట్టే పంపులో డీజిలు పెంచితే 9 హెచ్‌పీ వస్తుందంట. ఇంజను అమ్మడానికి మాత్రం మనసొప్పట్లేదండి. చేయించమంటారా?

జవాబు: వద్దండి. ముందు ఆ మాట చెప్పేసి ఎందుకో తర్వాత చెప్తాను, ఎందుకంటే ఈ ఉత్తరం అచ్చయ్యేలోపే ఆ స్ప్రింగు మారిపోతుందేమోనని నా భయం.

మీ దగ్గరున్నది చాలా గొప్ప ఇంజనండి. ఇంగ్లండులో డర్స్‌లీ అనే ఊళ్ళో 1930ల నుంచి 1987 దాకా చేసిన డిజైను, మన దేశంలో రాజ్‌కోట్ వాళ్ళు అదే నమూనాలో ఎన్నో చేశారు. సిలిండరు వెడల్పు, అదే బోరు, నాలుగున్నర అంగుళాలు, పిస్టను కదిలే దూరం, అదే స్ట్రోకు, ఐదున్నర అంగుళాలు, అంటే లీటరూ నాలుగొందల చిల్లర సీసీ. మోటారు సైకిళ్ళలో 100 సీసీకే 7, 8 హెచ్‌పీ వస్తుంటే ఇంత ఇంజనుకి ఆరేనా అనిపిస్తుంది కదా, మీ కుర్రాడికీ అదే అనిపించుంటుంది. కానీ ఆ ఆరు హెచ్‌పీని రోజుల తరబడి ఆపకుండా ఇవ్వడానికే దాన్ని అంత నెమ్మదిగా తిరిగేలా పెట్టారండి.

ఇప్పుడు చక్రం సంగతి. అది పోత ఇనుము. మీ చక్రం అడ్డంగా రెండడుగులు ఉంటుందనుకోండి, చుట్టుకొలత ఆరుంపావు అడుగులు, 650 తిరిగితే దాని అంచు నిమిషానికి 4100 అడుగులు పరిగెడుతుంది. 1000 తిరిగితే 6280. పోత ఇనుప చక్రం అంచు 6000 అడుగులు దాటకూడదని పాత ఇంజనీర్లు పెట్టుకున్న లెక్క ఒకటుంది, అది కూడా మంచి పోతకి, పగుల్లేని చక్రానికి. మీదేమో తాతగారి కాలం నాటిది, ఎన్నిసార్లు బండి మీంచి దింపారో చక్రాన్ని ఇరుసుకి బిగించే కీ ఎన్నిసార్లు ఊడగొట్టడానికి సుత్తితో బాదారో ఎవరికి తెలుసు. ఇంకోటి, స్పీడు ఒకటిన్నర రెట్లు పెరిగితే చక్రాన్ని చీల్చే బలం ఒకటిన్నర రెట్లు పెరగదండి, స్పీడుకి వర్గంలో పెరుగుతుంది, 650 నుంచి 1000కి వెళ్తే దాదాపు 2.4 రెట్లు. నా కుర్రతనంలో ఒక రైసుమిల్లులో చక్రం పగిలితే ఒక ముక్క పెంకులు లేపుకుని అవతల దొడ్లో పడింది, అప్పుడు అక్కడ మనుషులు లేరు కాబట్టి సరిపోయింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది నాకు.

హెడ్డు దించడం ఇంకా దండగ. డీజిల్ ఇంజనుకి కంప్రెషను ముందే ఎక్కువ, ఇంకా పెంచితే పవరు వచ్చేది తక్కువ, బేరింగుల మీదా హెడ్డు స్టడ్ల మీదా పడే దెబ్బ ఎక్కువ, పైగా పిస్టను పైకొచ్చినప్పుడు హెడ్డుకీ దానికీ మధ్య ఉండాల్సిన సందు పోతుంది. డీజిలు పెంచడమంటారా, మీ ఇంజను ఇప్పుడే నల్లపొగ వదులుతుంది అన్నారు కదా, నల్లపొగంటే గాలి చాలక కాలకుండా పోయిన డీజిలు. అన్నం తినలేకపోతున్నవాడికి ఇంకో రెండు ముద్దలు కుక్కినట్టు ఉంటుంది. గాలి పెరక్కుండా డీజిలు పెంచితే పిస్టను వేడెక్కి పట్టేస్తుంది.

కాబట్టి ముందు ఆ ఇంజనుకి ఉన్న ఆరు హెచ్‌పీ దానికి తిరిగి ఇప్పించండి. నేనైతే ఇలా మొదలెడతాను. ఇంజను ఆపి చక్రాన్ని చేత్తో కంప్రెషను మీదకి తెచ్చి అక్కడే నొక్కి పట్టుకోండి, చెవి పెట్టి వినండి. సైలెన్సరులోంచి బుస్ మంటే ఎగ్జాస్టు వాల్వు, గాలి పీల్చే వైపు నుంచి వస్తే ఇన్లెట్ వాల్వు కారుతోందని, కింద ఆయిలు పోసే దగ్గర నుంచి వస్తే పిస్టను రింగులు అరిగాయని. వాల్వులు పేస్టు పెట్టి గ్రైండింగు చేయించుకోవడానికి పెద్ద ఖర్చేం కాదు. సిలిండరులోకి డీజిలు చిమ్మే నాజిల్‌ని టెస్టింగు బెంచి ఉన్న షాపులో చూపించండి, పొగమంచులా కొట్టాలి, ధారలా కారకూడదు. ఇంట్లో విప్పి దాని ముందు చెయ్యి పెట్టి మాత్రం చూడకండి, ఆ ప్రెషరుకి డీజిలు చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది, వేళ్ళు తీసేయాల్సి వచ్చిన కేసులున్నాయి. గాలి ఫిల్టరు కడగండి, సైలెన్సరు విప్పి మసి దులపండి. మనకి వరదల్లో వచ్చే ఏటి నీళ్ళే ఇంజనుకీ పోస్తాం కదా, సిలిండరు చుట్టూ నీళ్ళు తిరిగే జాకెట్లో ఒండ్రు గట్టిపడి ఉంటుంది, దాన్ని పొడిచి కడిగించండి, లేకపోతే పిస్టను తిరిగే లైనరు గొట్టం ఒకవైపే కాలి రింగులు ఎన్ని మార్చినా నిలవవు. ఇదంతా అయ్యాక ఒక చిన్న టాకోమీటరు కొని నిజంగా ఎంత తిరుగుతుందో చూడండి. నా దగ్గరికొచ్చిన ఇంజన్లు చాలావరకు లోడు మీద 550, 580కి పడిపోయేవే, గవర్నర్ సరిచేసి 650 నిలబెట్టేసరికే మనిషి మారినట్టు మారిపోయేవి.

అసలు సంగతి ఇంకోటుంది, దాని గురించే ఎక్కువ ఆలోచించమంటాను. మీకు కావల్సింది హెచ్‌పీ కాదు, నీళ్ళు. గట్టు మీదకి నీళ్ళు ఎత్తే ఎత్తు నాలుగు మీటర్లనుకుందాం. మీ ఆరు హెచ్‌పీలో పంపు 60 శాతం వాడుకున్నా ఆ ఎత్తుకి సెకనుకి 60 లీటర్లు పైనే ఎత్తగలదు. మరి అన్ని నీళ్ళు ఎందుకు రావట్లేదు? 3 అంగుళాల పైపులో రాపిడి మింగేస్తుంది. అవే నీళ్ళు 3 బదులు 4 అంగుళాల పైపులో పంపితే రాపిడి నాలుగో వంతు కంటే కిందికి దిగిపోతుంది, 5 పెడితే ఇక చెప్పక్కర్లేదు. ఏట్లోంచి నీళ్ళు పీల్చే సక్షను పైపు పొట్టిగా, వంపులు తక్కువగా, దాని కొసన ఉండే ఫుట్‌వాల్వు జల్లెడలో గుర్రపుడెక్కా కొబ్బరి పీచూ లేకుండా చూడండి. పైపుకి పెట్టే డబ్బు ఇంజను కొయ్యడానికి పెట్టేదానికంటే ఎక్కువే అవ్వచ్చు, అయినా అక్కడే పెట్టండి. పైపు మార్చాక పంపు ఎక్కువ నీళ్ళు లాగుతుంది, ఇంజను మీద లోడూ పెరుగుతుంది, మళ్ళీ పొగ కనపడితే ఇంజను వైపు పుల్లీ కొంచెం చిన్నది వెయ్యండి. పంపు స్పీడు పది శాతం పెంచితే దానికి కావాల్సిన పవరు 33 శాతం పెరుగుతుంది, ఇది గుర్తుంటే పుల్లీల దగ్గర తప్పు జరగదు.

ఇదంతా చేశాక కూడా చాలకపోతే, ఇదే కుటుంబంలో 8 హెచ్‌పీ మోడలుంది, 850 ఆర్పీఎంది. ఆరుని 650తో భాగించి 850తో గుణించి చూడండి, 7.85 వస్తుంది, అంటే వాళ్ళూ స్పీడుతోనే పవరు తెచ్చారు. కానీ ఆ స్పీడుకి తగ్గ పిస్టనూ చక్రాలూ బ్యాలెన్సూ చూసుకుని చేశారు, ఒట్టి స్ప్రింగు మార్చి కాదు. మీ దాన్ని అలా మార్చాలంటే ఆ సామాన్లన్నీ వెయ్యాలి, ముందుగా చక్రాలు విప్పి కిరసనాయిలు రాసి తుడిచి సుద్ద పొడి చల్లి చూడాలి, పగులుంటే అక్కడ గీతలా తడి పైకొస్తుంది. ముఖ్యంగా కీ గాడి దగ్గర చూడండి. గీత కనపడితే 650 కూడా తిప్పకండి ఆ చక్రంతో.

ప్రశ్న: అంతర్వేది నుంచి రాస్తున్నానండి. నావకి పాత పెట్రోల్ స్టార్ట్ కిరసనాయిలు ఇంజను పెట్టుకున్నాం. గవర్నర్ పీకేస్తే స్పీడు వస్తుందంటున్నారు, నిజమేనా?

జవాబు: వస్తుందండి, కొన్నాళ్ళు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అల లేచినప్పుడు నావని తోసే ఫ్యాను నీళ్ళలోంచి పైకొస్తుంది కదా, ఆ క్షణంలో లోడు ఉండదు, గవర్నర్ లేని ఇంజను అప్పుడే కనెక్టింగ్ రాడ్డు విరగ్గొట్టుకుంటుంది, మీరేమో సముద్రం మీద ఉంటారు. కిరసనాయిలు మీద నడిపినంత కాలం హెడ్డు దించి కంప్రెషను కూడా పెంచకండి, కిరసనాయిలు ఆ ఒత్తిడి తట్టుకోలేక ముందే పేలి టక్ టక్ మని కొడుతుంది, పిస్టను పైభాగం కన్నం పడుతుంది. పూర్తిగా పెట్రోలు మీదకి మారితే అప్పుడు కొంచెం దించుకోవచ్చు. దానికంటే ముందు ఫ్యాను రెక్కలు వంగాయేమో, నావ అడుగు నాచు పట్టిందేమో చూసి గీకించండి.