ఊళ్లో తాళం వేసిన ఇల్లు: దొంగల కంటే ముందు నీళ్ల సంగతి చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారు పోయాక అమ్మగారిని హైదరాబాద్ తెచ్చుకున్నారు, ఊళ్లో పెంకుటిల్లు తాళం వేసి ఉంది, దొంగలు పడతారేమోనని నిద్ర పట్టడం లేదు, ఎన్ని కెమెరాలు పెట్టించాలి, ఇల్లు పాడవకుండా ఇంకేం చేయాలి అని అడిగారు. ఆరేళ్ల కిందట నేనూ ఇదే టెన్షన్ పడ్డాను. అప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా పుట్టిల్లు కోనసీమలో, అమలాపురం దగ్గర పల్లెలో ఉంది. తాతగారు కట్టించిన మండువా లోగిలి, అంటే నడిమధ్య పైకప్పు లేని వాకిలి ఉన్న పెంకుటిల్లు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానుకి దొడ్లో కొబ్బరిచెట్లు వరసగా పడిపోయాయి, ఒక వైపు పెంకులన్నీ లేచిపోయాయి, అయినా ఇల్లు నిలబడింది. అంతటి గాలిని తట్టుకున్న ఇల్లు, మేము తాళం వేసి వచ్చేసిన తర్వాత ఒక్క వానాకాలానికే దెబ్బతింది.

అమ్మ నా దగ్గరికి వచ్చేసినప్పుడు తమ్ముడు అమెరికా నుంచి డబ్బు పంపాడు. వీధి గుమ్మానికి ఒకటి, దొడ్డి గుమ్మానికి ఒకటి, గేటుకి ఒకటి, మూడు పెద్ద తాళాలు కొన్నాం. గేటు వైపు చూసేలా కెమెరా బిగించాం. రోజూ ఫోన్లో గేటు చూసుకుని, ఎవరూ రాలేదు, ఇల్లు భద్రంగా ఉంది అనుకునేదాన్ని. దసరాకి వెళ్లి తలుపు తీస్తే ముక్కు పగిలే వాసన. మండువాలో చీలమండ దాకా నల్లటి నీళ్లు. నాలుగు వైపుల చూరు నీళ్లూ మండువాలోకి పడి తూములోంచి బయటికి పోవాలి కదా, ఆ తూములో కొబ్బరి పీచు, ఎండాకులు, పగిలిన పెంకు ముక్క కలిసి బిరడాలా బిగుసుకున్నాయి. నీళ్లు ఎన్నాళ్ల నుంచి నిలిచి ఉన్నాయో చెప్పేవాళ్లు లేరు. టేకు స్తంభం రంగు చూస్తే చక్కగానే ఉంది. అడుగున బొటనవేలితో నొక్కితే మాత్రం వేలు లోపలికి దిగిపోయింది. రంగు పొర తప్ప లోపలంతా చెద మట్టే. నాలుగు స్తంభాల్లో రెండు అలాగే ఉన్నాయి. పాడైన మేర కోయించి, కింద రాతి దిమ్మలు పెట్టించి, చెద మందు కొట్టించేసరికి ఖర్చు అరవై వేలు దాటింది. అమ్మ ఆ స్తంభాన్ని తడుముతూ ఏడ్చింది. ఆ స్తంభానికి ఆనుకునే ఆవిడ మమ్మల్ని ఒళ్లో పెట్టుకుని అన్నం తినిపించేది.

అందుకే కెమెరా కంటే ముందు, వారానికోసారి తలుపు తీసే మనిషిని చూసుకోండి. మాకు పక్కింటి పిన్ని ఉంది. మొదట డబ్బు తీసుకోనంది. ఊరికే చేయించుకుంటే అడగడానికి మనకి మొహమాటం, మానేయడానికి వాళ్లకి మొహమాటం. అందుకని నెలకింత అని మాట్లాడుకున్నాం. శుక్రవారం వచ్చి తలుపులు, కిటికీలు రెండు గంటలు తెరిచి ఉంచుతుంది, తూములో చెయ్యి పెట్టి చెత్త తీస్తుంది, బాత్‌రూముల్లో బకెట్టు నీళ్లు పోస్తుంది. పోయకపోతే గొట్టం వంపులో నిలిచే నీళ్లు ఎండిపోయి, కంపూ బొద్దింకలూ పైకి వస్తాయి. మోటారు కూడా పదిహేను రోజులకోసారి వేయించండి, లేకపోతే పట్టేస్తుంది. పెద్ద వాన పడిన రాత్రి, "తూము లాగుతోందమ్మా, పడుకో" అని పిన్ని ఫోన్ చేస్తుంది. మూడు తాళాలకీ రాని ధైర్యం ఆ మాటకి వచ్చింది.

ఇక పైకప్పు. కోనసీమ వాళ్లకి కొబ్బరి దింపు ఎలాగూ ఉంటుంది, మాకు రెండు నెలలకోసారి. దింపు రోజున దింపు అతనితోనే చెట్టు మీద నుంచి పెంకులు ఫొటో తీయిస్తాం. జరిగిన పెంకు కింద నుంచి కనిపించదు, పైనుంచి ఇట్టే తెలుస్తుంది. కాయల డబ్బులోంచే పెంకుల ఖర్చు తీస్తాం. ఇంటి మీదికి వాలిన చెట్టు ఉంటే మనసు రాయి చేసుకుని కొట్టించేయండి, మేము రెండు కొట్టించాం. పెంకులు సర్దించే పని రోహిణి కార్తెలోనే అయిపోవాలి, మృగశిర వచ్చాక మేస్త్రి దొరకడు. మా తీరంలో అక్టోబరు, నవంబరు తుపానులు కూడా ఉంటాయి కాబట్టి దసరాకి మరోసారి చూపిస్తాం. రెండు వాలులు కలిసే మూలల దగ్గర ఎక్కువగా కారుతుంది, అక్కడ వాసాల మీద నల్లటి మరక ఉందేమో చూడండి. పాత పెంకులు మళ్లీ దొరకడం కష్టం. పడగొట్టేస్తున్న ఇల్లు ఎక్కడైనా ఉంటే ఒక వంద కొని దొడ్లో పేర్చుకోండి. కోతులున్న ఊరైతే ఇంకా అవసరం.

గోడల గురించి ఒక మాట తప్పకుండా చెప్పాలి. మా ఇంటివి సున్నం గోడలు. కింద పెచ్చులూడుతున్నాయని ఒక మేస్త్రి మూడడుగుల మేర సిమెంటు పూత వేశాడు. ఏడాది తిరిగేసరికి చెమ్మ ఆ పూత దాటి పైకెక్కి, నాలుగడుగుల ఎత్తున ఉప్పు తేలింది. సున్నం గోడలోని తడి బయటికి ఆరిపోతుంది, సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. చివరికి ఆ పూత చెక్కించి మళ్లీ సున్నమే వేయించాం. మీ ఇంట్లో ఇంకా వేయించకపోతే దయచేసి వేయించకండి. ముందు చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా చూసుకోండి, సగం చెమ్మ దానితోనే తగ్గుతుంది. గోడ పగుళ్లలో రావి మొక్క కనిపిస్తే రెండాకులప్పుడే వేరుతో సహా పీకించండి. పైన కత్తిరించి వదిలేస్తే వేరు లోపల ఊరుతూనే ఉంటుంది.

కరెంటు విషయంలో పాత వైరింగ్‌ని నమ్మకండి. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు) పెట్టించండి. మామూలు ఎమ్‌సీబీ లోడు ఎక్కువైనా, షార్టయినా పడిపోతుంది గానీ, తడిగోడ ముట్టుకున్న మనిషికి షాక్ కొట్టకుండా ఆపలేదు. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది, పిన్ని నెలకోసారి నొక్కి చూస్తుంది. కెమెరాకి, బయటి లైటుకి విడిగా ఒక లైను ఉంచి, మిగతావన్నీ ఆపేయండి. ఎర్తింగ్ గుంతలో ఎండాకాలం నీళ్లు పోయించండి. గ్యాస్ రెగ్యులేటర్ తీసి సిలిండర్‌కి మూత బిగించండి. ఎప్పుడైనా గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులు తీసి, బయటికొచ్చి గ్యాస్ లీకు ఫిర్యాదుల నంబరు 1906కి ఫోన్ చేయమని మీ తలుపు తీసే మనిషికి చెప్పి ఉంచండి.

దొంగల మాటకొస్తే, వీధి గుమ్మానికి బయట పెద్ద తాళం వేలాడితే ఇంట్లో ఎవరూ లేరని అందరికీ చెప్పినట్టే. మేము ఇప్పుడు వీధి తలుపుకి లోపల గడియ పెట్టి, పక్క గుమ్మానికి ఇంటర్‌లాక్ వేసి వస్తున్నాం. చీకటి పడగానే దానంతటదే వెలిగే బల్బు పెట్టాం. ఆంధ్రప్రదేశ్‌లో తాళం వేసిన ఇళ్ల మీద నిఘా పెట్టే పోలీసుల ఎల్‌హెచ్‌ఎమ్‌ఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) ఉంది. అడిగితే ఇంట్లో కెమెరా పెడతారు, ఎవరైనా చొరబడితే కంట్రోల్ రూముకి తెలుస్తుంది. మీ ఇల్లు ఆంధ్రా వైపు ఉంటే మీ స్టేషన్‌లో ఇస్తున్నారేమో కనుక్కోండి. ఇంట్లో బంగారం, దస్తావేజులు ఉంచకండి. గంగాళాలు, గుండిగలు ఎన్ని ఉన్నాయో ఫొటోలు తీసి పెట్టుకోండి. మా కెమెరా ఇప్పుడు గేటు వైపు లేదు, మండువాలో తూము వైపు తిప్పాం.

నాన్నగారి పేరున ఉన్న ఇంటి పన్ను, కరెంటు కనెక్షను మార్పించుకునే పని మీ అన్నదమ్ములందరూ కలిసి కూర్చుని మొదలుపెట్టండి. పన్ను రసీదులు ఒక్క ఏడాదీ తప్పకుండా దాచండి. ఇంటి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపించే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కూడా అప్పుడప్పుడు తీసి చూస్తూ ఉండండి.

ఈసారి ఊరెళ్లినప్పుడు మీది కూడా మండువా ఇల్లే అయితే, తూము దగ్గర నాలుగు బకెట్ల నీళ్లు గబగబా పోసి ఎంతసేపట్లో లాగుతుందో చూడండి. నిలిచిపోతే ముందు ఆ పనే చేయించండి, తాళాలు తర్వాత. మీది కుండ పెంకా, బంగాళా పెంకా, గోడలు సున్నమా, మట్టా రాస్తే నాకు తెలిసినంత చెబుతాను.