పాత ఎన్‌ఎస్‌ఎక్స్, కొత్త హైబ్రిడ్ ఎన్‌ఎస్‌ఎక్స్: రెండూ నడిపాక నా ఓటు దేనికంటే

ప్రశ్న: 1990ల నాటి హోండా స్పోర్ట్స్ కారు ఎన్‌ఎస్‌ఎక్స్‌కీ, 2016లో వచ్చిన హైబ్రిడ్ (పెట్రోలు ఇంజనుకి కరెంటు మోటార్లు తోడైన) ఎన్‌ఎస్‌ఎక్స్‌కీ అసలు తేడా ఏమిటి? కొత్తదాని హార్స్‌పవర్ రెట్టింపు ఉన్నా అందరూ పాతదాన్నే పొగుడుతున్నారు. ఇది పాతకాలం మీద మోజేనా?

మోజు కాదండీ. పాతది గొప్ప కారు. కొత్తది చాలా మంచి కారు. ఆ రెండు మాటలకీ మధ్య ఎంత దూరం ఉందో ఒకే రోడ్డు మీద రెండిటినీ నడిపి చూశాను కాబట్టి రాస్తున్నాను.

నేనుండేది ఒహాయోలో, కొలంబస్ పక్కన డబ్లిన్‌లో. కొత్త ఎన్‌ఎస్‌ఎక్స్ 2016 నుంచి 2022 వరకు తయారైంది మాకు దగ్గర్లోని మేరీస్‌విల్‌లోనే. దాని ఇంజన్లు కూడా ఈ రాష్ట్రంలోనే, ఆనా అనే ఊళ్ళో బిగించేవాళ్ళు. కాబట్టి ఆ కారు మీద నాకు చిన్నచూపేమీ లేదు, పైగా మా ప్రాంతపు కారన్న అభిమానం కూడా ఉంది. అది పక్కన పెట్టే చెప్తున్నాను.

ఇక పాతదాని మీద ఇష్టం ఎప్పటిదంటే, విజయవాడలో మా మేనమామ హోండా సిటీ వీటెక్ కొన్నప్పటిది. వీటెక్ అంటే ఇంజను వేగం పెరిగాక వాల్వులు ఇంకా ఎక్కువ తెరుచుకునే హోండా ఏర్పాటు. ఏలూరు రోడ్డు ఎక్కగానే మామయ్య కావాలని గేరు మార్చకుండా లాగేవాడు. ముల్లు పైకి పోతున్నకొద్దీ ఒకచోట ఇంజను గొంతు మారేది. "విన్నావురా? ఇప్పుడు తెరుచుకుంది" అనేవాడు. ఈ వీటెక్‌నే జపాన్‌లో ఒక రేసు కారు లాంటి దాంట్లో పెట్టారని, దాని పేరు ఎన్‌ఎస్‌ఎక్స్ అని మొదట చెప్పింది ఆయనే.

అసలు సంగతికొస్తాను. మా ఆఫీసులో పనిచేసి రిటైరైన అమెరికన్ పెద్దాయన ఒకరి దగ్గర 1992 ఎన్‌ఎస్‌ఎక్స్ ఉంది. ఎర్రది, ఐదు గేర్ల మాన్యువల్. అక్టోబరులో ఒకరోజు ఇక్కడి కొండల ప్రాంతం హాకింగ్ హిల్స్ వైపు వెళ్దాం రమ్మన్నారు. మా ఆవిడ పులిహోర కట్టిచ్చింది. ఆ కారులో ఇంజను సీట్ల వెనకాల ఉంటుంది, డిక్కీ దాని వెనకాల. పులిహోర డబ్బా అందులో పెట్టాం. లోగన్ అనే ఊరు దాటాక ఆయన కారు ఆపి, తాళాలు నా చేతిలో పెట్టి అటువైపు వెళ్ళి కూర్చున్నారు.

కూర్చోగానే నన్ను ఆశ్చర్యపరిచింది వేగం కాదు, చూపు. డ్యాష్‌బోర్డు మోకాళ్ళ మీదకి దిగిపోయినట్టు ఉంటుంది. బానెట్ ముందుకి వాలిపోయి కనిపించకుండా పోతుంది. అద్దం పక్కన ఉండే స్తంభాలు ఎంత సన్నవంటే మలుపులో తల అటూ ఇటూ వంచి వెతుక్కోవాల్సిన పనే లేదు. ఎఫ్-16 యుద్ధవిమానం కాక్‌పిట్‌ని చూసి ఈ క్యాబిన్ గీశామని హోండా వాళ్ళే చెప్పుకున్నారు. అక్కడ కూర్చుంటే ఆ మాటలో అతిశయోక్తి ఏమీ కనిపించలేదు. ఈ రోజుల్లో మామూలు ఎస్‌యూవీల్లో కూడా స్తంభాల వెనక మనిషికి మనిషే దాక్కుపోతున్నాడు, రోడ్డు దాటుతున్నవాళ్ళు కనపడరు. దానికి కెమెరా పెట్టామంటారు. అద్దం పెద్దది చేయొచ్చు కదా!

స్టీరింగ్ సంగతి చెప్పాలి. ఆ ఏడాది మాన్యువల్ కార్లకి పవర్ స్టీరింగ్ లేదు. పార్కింగ్‌లో తిప్పాలంటే భుజాలు పనిచేయాలి. కాస్త కదిలాక మాత్రం చేతిలో తేలిగ్గా, ప్రాణమున్నట్టు ఆడుతుంది. క్లచ్ మన మారుతి క్లచ్ అంత సులువు. గేరు లివర్ చాలా కొద్ది దూరమే కదులుతుంది, పడేటప్పుడు టక్కుమని పడుతుంది.

374వ నంబరు రోడ్డు మీద ఒకచోట దిగువకి వాలుతూ ఎడమవైపు తిరిగే మలుపు ఉంది. చెట్ల కింద ఎండ పడక రోడ్డు తడిగా ఉంది, దాని మీద రాలిన ఆకులు. నేను వెళ్తున్నది లిమిట్ లోపలే. మలుపు మధ్యలోకి వచ్చేసరికి స్టీరింగ్ చేతుల్లో ఒక్కసారిగా తేలికైపోయింది. కారు ఇంకా జారలేదు. ముందు టైర్లకి పట్టు తగ్గుతోందన్న కబురు అరచేతులకి ముందే వచ్చేసింది. పక్కన పెద్దాయన గొంతు పెంచకుండా, "కాలు తీసేయకు, అలాగే పట్టుకో" అన్నారు. ఇంజను మధ్యలో ఉన్న కారులో మలుపు నడుమ భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే బరువంతా ముందుకొచ్చి వెనక చక్రాలు తేలిపోతాయి, కారు వెనకభాగం బయటికి విసురుతుంది. కాలు కదపలేదు, చేతులు మాత్రం కొంచెం సడలించాను. ఆకులు దాటగానే స్టీరింగ్‌లోకి బరువు తిరిగొచ్చింది. మొత్తం ఒక్క క్షణం. ఆ క్షణంలో ఏ చక్రం కింద ఏముందో నాకు తెలుసు, ఏం చేయాలో తెలుసు, చేసింది నేను.

తర్వాత తిన్నగా ఉన్న చోట ఆయనే "ఇప్పుడు లాగు" అన్నారు. 5,800 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర చెవి వెనకాల ఆ గొంతు మారింది. మామయ్య కారులో విన్నదే, కానీ దానికి పదింతలు. 8,000 దాకా ఎక్కడా ఆయాసం లేదు. రెండో గేరులోనే 75 మైళ్ళు దాటేస్తుంది కాబట్టి ఆ రోడ్డు మీద మూడో గేరుతో పని పడలేదు. యాష్ కేవ్ దగ్గర ఆగి డిక్కీ తీస్తే పులిహోర ఇప్పుడే పొయ్యి మీంచి దించినట్టుంది. ఇంజను వేడి, సైలెన్సర్ వేడి అంతా ఆ డిక్కీకే తగులుతుంది. పెద్దాయన మిరపకాయలు పక్కకి తీసిపెట్టి మిగతాదంతా తిన్నారు.

ఇక కొత్తది. ఇక్కడ తెలుగు అసోసియేషన్‌లో పరిచయమైన వరంగల్ అన్న ఒకాయన సెకండ్‌హ్యాండ్‌లో 2017 మోడల్ కొన్నారు. ఆయనతో కలిసి అదే రోడ్డుకి వెళ్ళాను. తాళం ఇస్తూ అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది: "నువ్వే నడుపు తమ్మీ. ఏం పరేషాన్ గాకు, అంతా అదే చూస్కుంటది."

నిజంగానే అంతా అదే చూసుకుంది. ఆ కారులో ఉన్న తెలివి తక్కువదేం కాదు. మూడున్నర లీటర్ల ట్విన్ టర్బో వీ6 ఒక్కటే 500 హార్స్‌పవర్ ఇస్తుంది. దానికి మూడు ఎలక్ట్రిక్ మోటార్లు తోడై మొత్తం 573. ఒక మోటారు వెనక ఇంజనుతో కలిసి తిరుగుతూ, టర్బో ఊపందుకునేలోపు వచ్చే వెలితిని పూడుస్తుంది. మిగతా రెండూ ముందు చక్రాలకి ఒక్కోదానికి ఒక్కోటి. మలుపులో బయటి చక్రాన్ని ముందుకి తోసి, లోపలి చక్రాన్ని వెనక్కి పట్టి కారుని తిప్పేస్తాయి. గేర్లు తొమ్మిది, వాటంతట అవే మారతాయి. బ్రేకు తొక్కితే మామూలుగా మన కాలికీ చక్రానికీ మధ్య ఉండేది వైరే, పెడల్ కింద తగిలే బరువు కూడా కల్పించి పెట్టిందే. క్వైట్ మోడ్‌లో పెడితే పొద్దున్నే ఇరుగుపొరుగు నిద్ర చెడకుండా కరెంటు మీదే వీధి చివరిదాకా పోవచ్చు. ఇదొక్కటీ పాతదాంట్లో ఉంటే బాగుండేదని ఒప్పుకుంటాను.

అదే మలుపు వచ్చింది. ఈసారి వాన కూడా పడి వెలిసింది. పాతదాంట్లో వెళ్ళినదానికంటే చాలా ఎక్కువ వేగంతో కారు దాన్ని గీత గీసినట్టు దాటేసింది. స్టీరింగ్‌లో చిన్న మార్పు లేదు. పక్కనుంచి అన్న "ఎంతల పోయినవ్?" అని అడిగితే తెర వైపు చూడాల్సి వచ్చింది. వేగం నాకు తెలియలేదు. రోడ్డు తడిగా ఉందన్న సంగతి కళ్ళకి తప్ప చేతులకి తెలియలేదు. ముందు మోటార్లు ఎప్పుడు ఏ చక్రాన్ని పట్టుకున్నాయో, ఎంత సరిదిద్దాయో నాకెవరూ చెప్పలేదు. పాత కారు పక్కన కూర్చుని లెక్క నేర్పించే మాస్టారైతే, కొత్తది మన బదులు పరీక్ష రాసిపెట్టి మార్కుల కాగితం మన చేతికిచ్చే మనిషి.

ఇక్కడ చాలామంది చేసే వాదన ఒకటుంది, దానికి నేను ఒప్పుకోను. "పాతది అనలాగ్, అందుకే గొప్పది, టెక్నాలజీ వచ్చి అంతా పాడుచేసింది" అంటారు. పాత ఎన్‌ఎస్‌ఎక్స్ ఆ రోజుల్లో అందరికంటే ఎక్కువ టెక్నాలజీ ఉన్న కారు. బాడీ మొత్తం అల్యూమినియం మోనోకాక్ (అంటే విడిగా ఫ్రేము లేకుండా బాడీయే బరువంతా మోస్తుంది), ఫ్యాక్టరీలో వరుసగా తయారయ్యే కార్లలో అలాంటిది అదే మొదటిది. ఇంజనులో పిస్టన్లని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్లు టైటానియంవి. బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, చక్రాలు ఊరికే తిరిగిపోకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ మొదటినుంచీ ఉన్నాయి. 1995కల్లా యాక్సిలరేటర్ కేబుల్ కూడా తీసేసి ఎలక్ట్రానిక్ చేశారు. తేడా ఎక్కడంటే, ఆ టెక్నాలజీ అంతా బరువు తగ్గించడానికి, ఇంజను స్వేచ్ఛగా తిరగడానికి, మనిషికి బాగా కనపడటానికి ఖర్చయింది. కారు దాదాపు 1,370 కిలోలు. కొత్తది 1,700 దాటిపోయింది. అంటే నలుగురు మనుషుల్ని ఎప్పుడూ ఎక్కించుకుని తిరుగుతున్నట్టే. ఆ బరువు తెలియకుండా చేయడానికి మోటార్లు, ఆ మోటార్లకి బ్యాటరీ, ఆ బ్యాటరీకి మళ్ళీ బరువు.

ఇంకో సంగతి. 1989లో జపాన్‌లోని సుజుకా రేస్ ట్రాక్‌లో, మెక్‌లారెన్ జట్టు పనిమీద ఉన్న ఫార్ములా వన్ రేసర్ అయర్టన్ సెన్నా చేత పాత ఎన్‌ఎస్‌ఎక్స్ ప్రోటోటైప్ (నమూనా కారు) నడిపించారు. ఆయన మొహమాటపడకుండా కారు కాస్త బలహీనంగా అనిపిస్తోందన్నాడు. ఆ కారు తయారీకి పెద్దైన ఇంజనీరు షిగేరు ఉయెహారా బృందం అది మనసులో పెట్టుకుని, జర్మనీలో నూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్ దగ్గర నెలల తరబడి మకాం వేసి బాడీని దాదాపు సగం మేర ఇంకా గట్టిపరిచింది. ఒక మనిషి ఒంటికి తెలిసినదాన్ని నమ్మి కారుని మార్చారు. తర్వాత కార్ల డిజైనర్ గోర్డన్ మర్రే, మెక్‌లారెన్ ఎఫ్1 అనే సూపర్‌కారు తయారుచేస్తూ ఫెరారీలూ పోర్షేలూ అన్నీ నడిపి, చివరికి కుదుపు లేని నడకకీ మలుపుల్లో తీరుకీ కొలబద్దగా ఎంచుకున్నది ఈ ఎన్‌ఎస్‌ఎక్స్‌నే. సొంతానికి ఒకటి కొనుక్కుని కొన్నేళ్ళు వాడాడు కూడా. కొత్త కారు చేసినవాళ్ళూ సన్నటి స్తంభాల సంగతి మరిచిపోలేదు. ప్రత్యేకంగా వంచి గట్టిపరిచిన ఉక్కుతో వాటిని సన్నగానే ఉంచారు, అందులోంచి కూడా రోడ్డు చక్కగా కనపడుతుంది. వాళ్ళకి ప్రేమ లేక కాదు. పోటీ కార్లన్నీ 0 నుంచి 60 మైళ్ళ వేగం ఎన్ని సెకన్లలో అందుకుంటాయన్న లెక్కలో పడి కొట్టుకుంటుంటే వాళ్ళూ అందులోనే దిగాల్సి వచ్చింది.

ఆ 0–60 లెక్క మీద నాకు చెప్పలేనంత కోపం. యూట్యూబ్‌లో ఏ పోలిక చూసినా రెండు కార్లని పక్కపక్కన నిలబెట్టి తిన్నగా తోలించి, పాతది వెనకబడగానే "చూశారా" అంటారు. 1992 కారు ఐదు సెకన్ల పైచిలుకు, కొత్తది మూడు. అయితే ఏంటి? ఇప్పుడు కుటుంబంతో కిరాణాకి వెళ్ళే ఎలక్ట్రిక్ సెడాన్లు కూడా మూడు సెకన్లలో పోతున్నాయి. ఆ పోటీలో గెలిచినదానికి మరుసటి ఏడాదికే విలువుండదు. స్టీరింగ్ అరచేతికి కబురు చెప్పడం ముప్పై ఏళ్ళయినా పాతబడలేదు. దాన్ని కొలిచే మీటరు లేదు కాబట్టి ఎవరూ వీడియో తీయరు.

ఇంకో బాధ కూడా చెప్పేస్తాను. ఇక్కడ మన పిల్లలు పదహారేళ్ళు నిండగానే లైసెన్స్ తీసుకుంటున్నారు, క్లచ్ పెడల్ ఎలా ఉంటుందో చూడకుండానే. హైదరాబాద్‌లో కూడా ఇప్పుడు ట్రాఫిక్ దెబ్బకి అందరూ ఆటోమేటిక్కే కొంటున్నారు. ట్రాఫిక్‌లో కాళ్ళు నొప్పి పుడతాయి, కాదనను. కానీ ఒక్కసారైనా మాన్యువల్ కారులో కొండ ఎక్కి దిగనివాళ్ళకి నేను పైన రాసిన మలుపు సంగతి ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. మా అబ్బాయికి మాత్రం నేర్పించి తీరతాను, అందుకోసమే పాత సివిక్ ఒకటి వెతుకుతున్నాను.

ప్రశ్న అడిగినవారు నిజంగా కొనే ఆలోచనలో ఉంటే: ఏడాది పొడుగునా, చలికాలం మంచులో కూడా నడపాలి, భార్యో స్నేహితులో కూడా నడుపుతారు అంటే కొత్తదే తీసుకోండి. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్తుంది, ఇబ్బంది పెట్టదు. అలా కాదు, ఆదివారం పొద్దున కోసమే అంటే పాత మాన్యువల్ కూపే (టాప్ ఊడనిది). ఆటోమేటిక్ జోలికి పోకండి, దానికి ఇంజను పవర్ కూడా తగ్గించి ఇచ్చారు. 1995 నుంచి వచ్చిన టాప్ ఊడదీసే మోడల్ చూడ్డానికి బాగుంటుంది గానీ కూపే అంత గట్టిగా ఉండదు. 1997 నుంచి వచ్చిన మాన్యువల్ అయితే 3.2 లీటర్ల ఇంజను, ఆరు గేర్లు, డబ్బుంటే అదే మంచిది. ఏది చూసినా ఇంజను వాల్వుల్ని వేళకి నడిపించే టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో కాగితం అడగండి. మైళ్ళు తక్కువ తిరిగింది కదా అని వదిలేయొద్దు, షెడ్డులో ఊరికే ఉన్నా బెల్ట్‌కి వయసు వస్తుంది. వెనక టైర్లు త్వరగా అరిగిపోతాయి, ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి. కొనేముందు ఒక్కసారి వంకర్లు తిరిగిన రోడ్డు మీద మీరే నడపండి, అమ్మేవాళ్ళు హైవే మీదకే తీసుకెళ్తామంటే ఒప్పుకోవద్దు.