ఇంట్లో కట్టుకున్న ప్లైవుడ్ క్యాంపింగ్ ట్రైలర్‌కి బయట ఏ రంగు వేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. సియాటెల్ దగ్గర మీ గ్యారేజీలో 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తుతో ప్లైవుడ్ టియర్‌డ్రాప్ ట్రైలర్ (లోపల పడక, వెనక వంటగదితో నీటి బొట్టు ఆకారంలో ఉండేది) కడుతున్నారు. బయటికి ఇళ్లకు వేసే రంగు సరిపోతుందా, పడవలకు వేసే రంగు కొనాలా, లేక పికప్ ట్రక్కుల వెనక తొట్టిలో వేసే బెడ్‌లైనర్ వేయాలా అని అడిగారు. మీ ఇంట్లోవాళ్లు ముదురు ఆకుపచ్చ కావాలంటున్నారని కూడా రాశారు.

ఇళ్ల బయటి గోడలకు వేసే 100% అక్రిలిక్ రంగు వేయండి. శాటిన్ ఫినిష్ (ఓ మోస్తరు మెరుపు ఉండేది), వీలైనంత లేత రంగు. బాథెల్‌లో మా గ్యారేజీలో కట్టిన ట్రైలర్‌కి నేను వేసింది అదే. కొన్నేళ్లుగా తిరుగుతోంది, ముందు భాగంలో టైర్లు ఎగరేసిన రాళ్లు తగిలిన చోట తప్ప ఎక్కడా పెచ్చు లేవలేదు. ఆ రాళ్ల దెబ్బలకు ప్రతి వేసవిలో కాస్త రుద్ది, చిన్న బ్రష్షుతో రంగు అద్దితే సరిపోతోంది.

ఇంత చవక రంగు ఎలా ఆగుతుందని మీకు అనుమానం రావచ్చు. మనం ఉండే చోటు సంగతి చూడండి. పడమటికి ఒలింపిక్ నేషనల్ పార్కులో హో రెయిన్ ఫారెస్ట్‌కి వెళితే అక్కడ ఏడాదికి 12 నుంచి 14 అడుగుల వాన పడుతుంది. అదే ట్రైలర్ని స్నోక్వాల్మీ పాస్ దాటించి తూర్పుకి సన్ లేక్స్, డ్రై ఫాల్స్ వైపు లాక్కెళితే దాదాపు మూడు గంటల్లో గాలిలో చెమ్మన్నదే లేని ఎండలో ఉంటారు. ప్లైవుడ్ ఒకచోట తేమ పీల్చి ఉబ్బుతుంది, ఇంకోచోట ఎండి ముడుచుకుంటుంది. పైన ఉన్న పూత దానితోపాటు కొంచెం సాగాలి. పాత తరహా ఆయిల్ ఎనామెల్ మొదట్లో గట్టిగా, నున్నగా బాగుంటుంది కానీ ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి నెర్రెలు విచ్చుతుంది. అక్రిలిక్‌కి సాగే గుణం ఎక్కువ రోజులు నిలుస్తుంది.

రెండో కారణం ట్రైలర్ లోపల ఉంది. అంత చిన్న పెట్టెలో ఇద్దరు పడుకుంటే తెల్లారేసరికి కిటికీలకు లోపలివైపు నీటి బొట్లు కడతాయి. ఆ ఊపిరి తేమలో కొంత చెక్కలోకి కూడా పోతుంది. అక్రిలిక్ పొర ఆ ఆవిరిని నెమ్మదిగా బయటికి వదులుతుంది. మందపాటి ప్లాస్టిక్ లాంటి పూత వదలదు, అందుకే దాని కింద పొక్కులు లేస్తాయి.

బెడ్‌లైనర్ మీద నాకున్న అభ్యంతరం కూడా ఇక్కడే వస్తుంది. రెంటన్‌లో ఉండే మిత్రుడొకరు తన ట్రైలర్ మొత్తానికి అదే వేశారు. చూడ్డానికి దృఢంగా ఉండేది, రాళ్లు తగిలినా చలించేది కాదు. వెనక లైటు వైరు కోసం వేసిన రంధ్రం దగ్గర సీలెంటు ఊడి నీళ్లు దిగాయి. పైపొర చెక్కుచెదరకుండా ఉండటంతో ఎవరికీ అనుమానం రాలేదు. బయటపడేసరికి లోపలి చెక్క వేలు పెడితే దిగిపోయేంత మెత్తబడింది. ఆ పూతని గీకి తీయడం కన్నా ఆ పక్క మొత్తం కోసి కొత్త ప్లైవుడ్ వేయడమే తేలికైంది ఆయనకి. మీకు బెడ్‌లైనర్ మీద మోజుంటే ముందువైపు కింది రెండడుగుల వరకు, చక్రాల పైన ఉండే ఫెండర్లకు వేసుకోండి, అక్కడ అది నిజంగా పనికొస్తుంది. రెండు భాగాలు కలిపి వేసే రకాల్లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు ప్రమాదం. గ్యారేజీ తలుపు తీసి మూతికి గుడ్డ కట్టుకుంటే చాలదు. డబ్బా మీద ఏ మాస్క్ రాసి ఉంటే అదే వాడాలి, స్ప్రే చేయడం మాత్రం ఇంటి దగ్గర పెట్టుకోవద్దు.

పడవల రంగుల్లో మనకు పనికొచ్చేవి టాప్‌సైడ్ రంగులు, అంటే పడవలో నీటిమట్టానికి పైభాగానికి వేసేవి. ఇంటర్‌లక్స్ బ్రైట్‌సైడ్ లాంటి ఒకే డబ్బా పాలీయురితేన్‌ని ఫోమ్ రోలర్‌తో వేసి, తడి ఆరకముందే మంచి బ్రష్షు కొసతో తేలిగ్గా లాగితే అద్దంలా వస్తుంది. అయితే అద్దంలాంటి మెరుపు కింద చెక్కలోని ప్రతి గీతా, ప్రతి గుంటా కనిపిస్తుంది. అంత మెరుపు కావాలంటే ముందు నాలుగు వారాంతాలు రుద్దుతూ కూర్చోవాలి. ఓపిక ఉన్నవాళ్లకు అదీ ఓ సరదానే, నాకు లేదు.

అసలు ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా ట్రైలర్ ఆయుష్షు తేలేది అంచుల దగ్గరే. ప్లైవుడ్ ముఖం మీద పడ్డ నీళ్లు జారిపోతాయి. కోసిన అంచు మాత్రం నీళ్లు తాగుతుంది. తలుపు కోసిన చోటు, కిటికీ కోసిన చోటు, పైకప్పు పక్క గోడని కలిసే చోటు, నేల బల్ల అడుగు అంచు, ప్రతి మేకు రంధ్రం, అన్నీ అలాంటివే. నేను ఈ అంచులన్నిటికీ పల్చటి ఎపాక్సీని (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెజిన్), చెక్క ఇక పీల్చడం మానేవరకు, పూతల మీద పూతలు పెట్టాను. ఎపాక్సీ వద్దనుకునేవాళ్లు ఆయిల్ పాలీయురితేన్ వార్నిష్‌లో సగానికి సగం మినరల్ స్పిరిట్స్ కలిపి మొదటి పూత వేస్తారు, పల్చగా ఉంటుంది కాబట్టి లోపలికి ఇంకుతుంది. తర్వాతి పూతలు చిక్కగా వేస్తారు. రెండూ పనిచేస్తాయి. ఎపాక్సీ వేస్తే మటుకు ఆరాక పైన జిడ్డులా మైనం పొర తేలవచ్చు. ముందు నీళ్లతో, గరుకు స్కాచ్‌బ్రైట్‌తో కడిగి, ఆ తర్వాతే సాండ్‌పేపర్ పట్టండి. కడగకుండా రుద్దితే ఆ జిడ్డుని చెక్క అంతా పూసినట్టవుతుంది, రంగు పట్టదు. ఎపాక్సీని రంగు లేకుండా ఎండకి వదిలేయకూడదు కూడా. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అది పచ్చబడి పొడి రాలుతుంది.

కిటికీలు, తలుపులు ఒకసారి బిగించి చూసుకుని, మళ్లీ విప్పేసి, రంగు పూర్తయ్యాకే బ్యూటైల్ టేపు (జిగటగా ఉండే రబ్బరు టేపు) పెట్టి శాశ్వతంగా బిగించండి. ఫ్రేమ్ చుట్టూ రంగు వేస్తే ఫ్రేమ్ కింద పచ్చి చెక్క మిగిలిపోతుంది. సిలికాన్ ట్యూబుని ఆ దరిదాపులకు రానివ్వకండి. దాని మీద రంగు నిలవదు, చేతికంటిన కాస్త ఇంకోచోట రాసుకున్నా అక్కడ రంగు విడిపోయి చిన్న చిన్న గుంటలు పడతాయి. సందులకు రంగు పట్టే పాలీయురితేన్ సీలెంట్ వాడండి.

గుంటలు పూడ్చడానికి మన ఊళ్లో పెయింటర్లు గోడలకు పట్టే లప్పం గుర్తొస్తుంది. ఇక్కడ షాపుల్లో దొరికే గోడ పుట్టీ, స్పాకిల్ కూడా ఆ కోవవే, వానకి ఉబ్బి రాలిపోతాయి. చెక్కకి ఎపాక్సీ ఫిల్లర్ వాడండి.

మీరు ఏ ప్లైవుడ్ వాడారో రాయలేదు. మామూలు డగ్లస్ ఫర్ చెట్టు చెక్కతో చేసిందైతే పై పొరలో సన్నటి చీలికలు ఏడాది తిరిగేలోపే కనిపిస్తాయి, పైన ఎంత ఖరీదైన రంగున్నా సరే. ఆ చెక్క స్వభావం అంత. ఇంకా కొనకపోతే బోర్డులు రాసేవాళ్లు వాడే ఎండీఓ ప్లైవుడ్ అడగండి. దాని ముఖం మీద రెజిన్ కాగితం అతికించి ఉంటుంది, రంగు బాగా పడుతుంది, చీలికలు తేలవు. ఫర్ ఇప్పటికే బిగించేసి ఉంటే పల్చటి కాటన్ కాన్వాస్‌ని ఉతికి, ఆరబెట్టి, టైట్‌బాండ్ జిగురుతో చెక్క మీద అతికించి దాని మీద ప్రైమర్, అక్రిలిక్ వేసే పద్ధతి ఉంది. ఫోమ్‌తో ట్రైలర్లు కట్టేవాళ్లు ఎప్పట్నుంచో ఇలాగే చేస్తున్నారు. బట్ట నేత కొంచెం కనిపిస్తుంది, అది మీకు నచ్చాలి.

ఇక ఆకుపచ్చ. షాపులో ఇచ్చే రంగు చీటీ వెనక ఎల్‌ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది. ఆ రంగు వెలుతురులో ఎంత శాతం తిప్పికొడుతుందో అది చెబుతుంది. లేత క్రీములకు 70, 80 దాకా ఉంటే ముదురు ఆకుపచ్చలకు 10 లోపే ఉండొచ్చు. మిగతాదంతా చెక్కలోకి వేడిగా పోతుంది. సియాటెల్లో నీడన ఉన్నంతసేపు పెద్ద తేడా తెలియదు. జులైలో తూర్పు వాషింగ్టన్లో మధ్యాహ్నం పైకప్పు మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. వేడికి చెక్కలో ఉన్న చెమ్మ ఆవిరై రంగుని లోపలినుంచి తోస్తుంది, జిగురు సందులు కూడా ఎక్కువ కదులుతాయి. ఇంట్లోవాళ్లతో ఇలా రాజీ పడండి: పైకప్పు, ముందు వంపు క్రీము, పక్క గోడల కింది సగం ఆకుపచ్చ. ఎండ నేరుగా పడేది పైకప్పు మీదే కాబట్టి పక్కలకు ముదురు రంగు అంత నష్టం చేయదు. పాతకాలం ట్రైలర్ల మీద ఈ రెండు రంగుల వరస కనిపిస్తూనే ఉంటుంది, బాగుంటుంది కూడా.

రంగు వేయడానికి మనకు దొరికేది జులై, ఆగస్టు, మహా అయితే సెప్టెంబరు మొదటి సగం. చెక్క ఉష్ణోగ్రత మంచు బిందువు (డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎక్కువ ఉండాలి. నీడలో, ఉదయం మంచు పూర్తిగా ఆరాక మొదలుపెట్టి మధ్యాహ్నం రెండు మూడింటికల్లా ఆపేయండి. సాయంత్రం చల్లబడి పచ్చి అక్రిలిక్ మీద మంచు పడితే మెరుపు పోతుంది, ఒక్కోసారి సబ్బు జారినట్టు గోధుమ రంగు చారలు దిగుతాయి. అవి కనిపిస్తే గాభరా పడకండి, నీళ్లతో కడిగితే పోతాయి. ప్రైమర్ ఒక పూత, 220 నంబరు కాగితంతో తేలిగ్గా రుద్దడం, రంగు రెండు పూతలు, అంతే. ముట్టుకుంటే గంటలో ఆరినట్టే ఉంటుంది కానీ పూర్తిగా గట్టిపడటానికి 30 రోజుల దాకా పడుతుంది. ఆలోపు కవరు కప్పి కట్టేయొద్దు.

అక్రిలిక్‌కి ఉన్న అసలు లోపం ఒకటి చెప్పాలి. ఒత్తిడి పడిన చోట అతుక్కుంటుంది. వెనక వంటగది మూత రబ్బరు మీద గట్టిగా మూసుకుంటుంది కదా, మూసి నాలుగు రోజులు వదిలేస్తే తెరిచేటప్పుడు పటపటమని చప్పుడుతో రంగు పొర రబ్బరుతో వచ్చేస్తుంది. ఆ మూత అంచుకు, తలుపు చట్రానికి మాత్రం ఆయిల్ రకం రంగు, అంటే అల్కిడ్ లేదా యురితేన్ ఎనామెల్ వేయండి. మొదటి నెల రబ్బరుకి కాస్త టాల్కమ్ పౌడరు రాసినా మంచిదే. ఆ ఆయిల్ రంగు తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. బయట విడివిడిగా పరిచి ఆరేయండి.

ఇనుప చట్రానికి మామూలు తుప్పు నిరోధక ఆయిల్ ఎనామెల్ చాలు. జింకు పూత ఉన్న గాల్వనైజ్డ్ చట్రమైతే ఆయిల్ రంగు దాని మీద నిలవదు, అక్కడ అక్రిలిక్ మెటల్ ప్రైమరే వేయాలి. నేల బల్ల అడుగుభాగానికి అందం అక్కర్లేదు కాబట్టి పునాది గోడలకు పూసే నల్ల తారు ఎమల్షన్ వాడాను. చట్రం మీద బిగించకముందే పూసేయండి, తర్వాత పడుకుని పూయడం నరకం.

ఎంత కొనాలంటే, రెండు పక్కలూ కలిపి 60 చదరపు అడుగుల లోపు, పైకప్పు వంపు మరో 65. రెండు పూతలకు 250 చదరపు అడుగులు. ఒక గ్యాలను రంగు 350 నుంచి 400 వస్తుందని డబ్బా మీద రాస్తారు, గరుకు చెక్క మీద కొంత తగ్గినా ఒక గ్యాలను చాలు. ఆకుపచ్చకి ఒక క్వార్టు (పావు గ్యాలను). బెహర్, షెర్విన్ విలియమ్స్, బెంజమిన్ మూర్, ఏదైనా పర్వాలేదు, డబ్బా మీద ఎక్స్‌టీరియర్ అనీ 100% అక్రిలిక్ అనీ ఉండాలి. ఇంటి లోపలి రంగుల్లో బూజుని ఆపే మందు అంతగా ఉండదు. తప్పుగా కలిపినందుకు తక్కువకి అమ్మేసే డబ్బాలు షాపుల్లో ఒక మూల ఉంటాయి, వాటిలో క్రీము రంగులు తరచూ దొరుకుతాయి, ముందు అక్కడ చూడండి.

మిగిలిన రంగులో కొంత గాజు సీసాలో పోసి, మూత మీద రంగు కోడ్ రాసుకుని ట్రైలర్‌లోనే పెట్టుకోండి, రాళ్ల దెబ్బలకు పనికొస్తుంది. చలికాలం మాత్రం ఇంట్లో పెట్టాలి, గడ్డకడితే పాడవుతుంది. ఇంకా మిగిలితే వాషింగ్టన్‌లో 2021 నుంచి పెయింట్‌కేర్ కేంద్రాలున్నాయి, చాలా పెయింట్ షాపులే తీసుకుంటాయి, డబ్బులడగరు.