డీటీపీ షాపులో లినక్స్ వేసిన అబ్బాయి: 45 వేల కోర్సు కట్టాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు. ఇరవై ఏళ్లుగా డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. మా అబ్బాయి భీమవరంలో బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం. షాపులో రెండు కంప్యూటర్లున్నాయి. పాతదానికి విండోస్ 11 ఎక్కదని చెప్పి, దీపావళి సెలవుల్లో దాంట్లో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టం వేసేశాడు. ఫైళ్లు వేరే హార్డ్‌డిస్కులో దాచాడు గానీ, శుభలేఖలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు వస్తున్నాయి. అడిగితే ‘ఇదే నా కెరీర్ నాన్నా’ అంటాడు. ఒక కోచింగ్ సెంటర్‌లో లినక్స్, క్లౌడ్ కలిపి 45 వేలు చెప్పారు. ఇది ఉద్యోగం తెచ్చే విద్యేనా, కాలక్షేపమా?

జవాబు: నమస్కారమండీ. ముందు డబ్బు సంగతి చెబుతాను. ఆ 45 వేలు ఇప్పుడే కట్టకండి. లినక్స్ ఉద్యోగం తెచ్చే విద్యే, అందులో అనుమానం పెట్టుకోకండి. కాకపోతే మొదటి ఏడాది నేర్చుకోవాల్సినదంతా మీ పాత కంప్యూటర్లోనే ఉంది. దానికి ఫీజు లేదు.

మీ వాడు ఒక తప్పు చేశాడు, అది వాడికి గట్టిగానే చెప్పాలి. బేరం నడిచే మెషీన్‌లో, మిమ్మల్ని అడక్కుండా, ఒక్క శుభలేఖ కూడా తెరిచి చూసుకోకుండా సిస్టం మార్చేశాడు. మింట్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ పెన్‌డ్రైవ్ నుంచే కంప్యూటర్ ఆన్ చేస్తే, లోపలి డిస్కును ముట్టుకోకుండానే అన్నీ చూసుకోవచ్చు. ప్రింటర్ పలుకుతోందా, స్కానర్ దొరుకుతోందా, పాత ఫైళ్లు ఎలా కనిపిస్తున్నాయి అన్నది అరగంటలో తేలిపోయేది. రేపు కంపెనీ సర్వర్ మీద కూర్చున్నప్పుడు వాడికి ఈ జాగ్రత్తే కావాలి. అయితే ఫైళ్లు ముందుగా పక్కన దాచాడు చూడండి, అందుకు మాత్రం మెచ్చుకోండి. నా దగ్గరికొచ్చే ఇంజినీరింగ్ పిల్లల్లో చాలామందికి ఆ అలవాటు ఉండదు.

వాడు చెప్పిన కారణం కూడా నిజమే. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, పాత ప్రాసెసర్లను అది ఒప్పుకోదు. మింట్‌కు 4 జీబీ ర్యామ్ చాలు. వీలైతే దాంట్లో ఒక ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్కు కన్నా వేగమైన డిస్కు) వేయించండి, మెషీన్‌కు ప్రాణం లేచొస్తుంది.

ఇక ఆ పిచ్చి గుర్తుల సంగతి. కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ అబ్బాయికి దొరికిన అసలు పాఠం ఇదే. మీ ఫైళ్లు పేజీలు కూర్చే పాత ప్రోగ్రామ్ పేజ్‌మేకర్‌లో, అనూ తెలుగు ఫాంట్లతో చేసినవి అయి ఉంటాయి. ఆ తరం ఫాంట్లలో తెలుగు ముక్కలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. తలకట్టు ఒక చోట, గుడి ఒక చోట, వత్తు ఇంకోచోట. ఫాంటు తోడుంటే తెలుగు కనిపిస్తుంది, లేకపోతే కిందున్న ఇంగ్లిష్ గుర్తులు బయటపడతాయి. మింట్‌తో వచ్చే లిబ్రేఆఫీస్‌లోని డ్రా అనే ప్రోగ్రామ్ పేజ్‌మేకర్ ఫైలును కొంతవరకు తెరుస్తుంది గానీ, అక్షరాలను అదేం చేయగలదు? ఫైలు పాడవలేదండీ, కంగారు పడకండి.

అన్ని భాషల అక్షరాలకూ వేటి సంకేతం వాటికిచ్చే ప్రమాణం యూనికోడ్. దాని దారి వేరు. శుభలేఖ నెత్తిన వేసే ‘శ్రీరస్తు’లో మొదటి అక్షరాన్నే తీసుకోండి. కంటికి అది ఒక్క ‘శ్రీ’. యూనికోడ్‌లో మాత్రం శ, పొల్లు, ర, గుడి దీర్ఘం అని నాలుగు సంకేతాలు, పలికే వరసలో. వాటిని కలిపి క్రారవడితో సహా ఒక్క అక్షరంగా తీర్చే పని హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ చేస్తుంది. మీ లిబ్రేఆఫీస్‌లోనే కాదు, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ పనిచేసేది అదే. మన తెలుగు రోజూ దాని చేతిమీదుగా వస్తోంది. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కాబట్టి మీ వాడికి ఈ పని అప్పగించండి. మీ పాత శుభలేఖల్లోంచి పది తీసి, వాటి అక్షరాలను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో యూనికోడ్‌లోకి మార్చమనండి. దీనికి కన్వర్టర్లు ఇప్పటికే ఉన్నాయి. అయినా ఒకసారి సొంతంగా రాయాలి. ఏ గుర్తు ఏ ముక్కో పట్టిక వేసుకోవడం తేలికే. పాత ఫైల్లో ముక్కలు కాగితం మీద కనిపించే తీరులో పేర్చి ఉంటాయి, వాటిని పలికే వరసలోకి తిప్పడం దగ్గర చెమటలు పడతాయి. అక్కడ తప్పొప్పులు పట్టాల్సింది మీరే. ఇరవై ఏళ్లు ప్రూఫులు దిద్దిన కళ్లు మీవి.

ఆ పనిలో వాడికి గిట్ (కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ దాచే ప్రోగ్రామ్) వస్తుంది, టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే తెర) వస్తుంది, ఎర్రర్ మెసేజ్‌ను కంగారు పడకుండా చివరిదాకా చదవడం వస్తుంది. ఈ ఆఖరిది చాలా అవసరం. మన పిల్లలు రెండు లైన్ల ఇంగ్లిష్ చూడగానే స్క్రీన్‌షాట్ తీసి ఎవరికో పంపేస్తారు. ఒక నోటుపుస్తకం పెట్టించండి: ఎర్రర్ ఏమిటి, ఎందుకొచ్చింది, ఎలా పోయింది.

ఉద్యోగాలంటారా? సర్వర్లను చూసుకునే లినక్స్ అడ్మిన్, ఇంటర్నెట్ మీద అద్దెకిచ్చే కంప్యూటర్లను చూసుకునే క్లౌడ్ సపోర్ట్, ప్రోగ్రామ్‌లను సర్వర్లకెక్కించి నడిపే డెవ్‌ఆప్స్, యంత్రాల లోపలి చిప్పులకు ప్రోగ్రామ్ రాసే ఎంబెడెడ్. వెబ్‌సైట్ల సర్వర్లలో ఎక్కువ భాగం దీని మీదే. ప్రపంచంలోని అతివేగ సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబర్ నుంచి 500కి 500 లినక్స్‌వే. ఇంటర్వ్యూలో అడిగే పాత ప్రశ్న ఒకటి చెబుతాను. డిస్కులో ఎంత జాగా ఉందో చెప్పే డీఎఫ్ కమాండ్ డిస్కు నిండిందంటోంది. డీయూ అనే ఇంకో కమాండ్‌తో ఫైళ్లు కొలిస్తే సగం కూడా లేవు. మిగతా జాగా ఏమైంది? ఎవరో పెద్ద లాగ్ ఫైలు (ప్రోగ్రామ్ తన పనుల చిట్టా రాసుకునేది) తీసేశారు, కానీ ఒక ప్రోగ్రామ్ దాన్ని ఇంకా పట్టుకునే ఉంది. ఆ ప్రోగ్రామ్‌ను రీస్టార్ట్ చేస్తే జాగా తిరిగొస్తుంది. కమాండ్లు బట్టీపట్టిన వాడు ఇక్కడ ఆగిపోతాడు. రోజూ ఆ సిస్టంతోనే మెలిగినవాడికి ఎక్కడ వెతకాలో తోస్తుంది.

చదువుకోవడానికి ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ ఉంది, లినక్స్, లిబ్రేఆఫీస్ పాఠాలు తెలుగులోనూ వినొచ్చు, ఉచితం. చివరి సంవత్సరంలో లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏ అనే అడ్మిన్ పరీక్ష రాయించండి. అందులో ఆబ్జెక్టివ్ ప్రశ్నలుండవు, మెషీన్ ఇచ్చి పని చేయించి చూస్తారు. సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుంది గనక ఇప్పుడే తొందరపడొద్దు. మీరు ఖర్చు పెట్టదలిస్తే ఆ పరీక్ష ఫీజుకి పెట్టండి.

షాపు సంగతికొస్తే, రెండో కంప్యూటర్‌ను ఎవరూ కదపొద్దు. పాత ఫైళ్లకు పేజ్‌మేకర్, అనూ దాంట్లోనే ఉండనివ్వండి. కొత్త కార్డులు మింట్ మీద ఇంక్‌స్కేప్ అనే డిజైన్ ప్రోగ్రామ్‌లో చేసి చూడమనండి. ఆఫ్‌సెట్ ప్రెస్సుకు రంగులు విడదీసి ఇవ్వాలంటే స్క్రైబస్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రామ్ వాడాలి. పుష్యమాసంలో ముహూర్తాలుండవు, సంక్రాంతి ఫ్లెక్సీల హడావిడి తప్ప మీకు శుభలేఖల పని పలచగానే ఉంటుంది. అబ్బాయికి సెలవులు కూడా అప్పుడే. మొదటి పది కార్డులు ఆ రోజుల్లో పెట్టుకోండి, ప్రింటు తీసి పాత కార్డు పక్కన పెట్టి ఇద్దరూ కలిసి చూడండి.