ఆషాఢం ఖర్చులకు దాచింది గ్రాఫిక్స్ కార్డుకు పెడతారా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. హనుమకొండలో ఉంటాను. ఫొటో స్టూడియోలకు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి ఇస్తాను. ముహూర్తాలున్న ఏడు నెలలు నెలకు 75 వేల దాకా వస్తుంది. మిగతా ఐదు నెలలు 15 వేలు రావడమే కష్టం. ఇంటి ఖర్చు నెలకు 34 వేలు. భార్య, మూడేళ్ల పాప, షుగర్ ఉన్న అమ్మ నా మీదే ఆధారపడ్డారు. నా పాత కంప్యూటర్ 4కె ఫుటేజీ వేస్తే ఆగిపోతోంది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొటేషన్ తీసుకున్నాను. ప్రాసెసర్ 38 వేలు, గ్రాఫిక్స్ కార్డు 65 వేలు, మదర్‌బోర్డు 24 వేలు, 64 జీబీ ర్యామ్ 45 వేలు, 2 టీబీ ఎస్‌ఎస్‌డీ (స్టోరేజీ డ్రైవ్) 18 వేలు, ఎస్‌ఎంపీఎస్ (పార్టులకు కరెంటు అందించేది) 9 వేలు, గాజు క్యాబినెట్, లిక్విడ్ కూలర్ కలిపి 21 వేలు. మొత్తం 2,20,000. పొదుపు 80 వేలుంది. ఇంకో 80 వేలు క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ పెట్టి, 60 వేలు లోన్ యాప్‌లో తీసుకుందామనుకుంటున్నాను. ఫీజు పోను 57 వేలు చేతికొస్తాయి, నెలకు 11,500 చొప్పున ఆరు నెలలు కట్టాలి. అప్రూవల్ కూడా వచ్చింది. శ్రావణం ముహూర్తాలలోపు బిగించేయాలని ఉంది. పనిముట్టే కదా, పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. మీరేమంటారు?

జవాబు: ముందు ఆ యాప్‌లో యాక్సెప్ట్ బటన్ నొక్కకండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

ఇన్ని ఉత్తరాల్లో మీదే తీసుకోవడానికి కారణం ఉంది. 'పనిముట్టే కదా, తిరిగొస్తుంది' అనే మాట ఆటో కొనేవాళ్ల దగ్గర, కుట్టుమిషన్లు కొనేవాళ్ల దగ్గర, కెమెరాలు కొనేవాళ్ల దగ్గర వింటూనే ఉన్నాను. తిరిగొచ్చే మాట నిజమే. ఎప్పుడొస్తుందో మాత్రం ఎవరూ లెక్క వేసుకోరు. ఈఎంఐ ప్రతి నెలా ఒకే తారీఖుకు వస్తుంది. మీ సంపాదన పంచాంగం చూసుకుని వస్తుంది.

మీ అంకెలతోనే చూద్దాం. పని లేని నెలలో 15 వేలు వచ్చి 34 వేలు పోతే లోటు 19 వేలు. అలాంటివి ఐదు నెలలు. అంటే ఖాళీ నెలలు గట్టెక్కడానికే ఏడాదికి 95 వేలు కావాలి. మీ దగ్గరున్నవి 80 వేలు. మీరు దాన్ని పొదుపు అంటున్నారు. నాకు మాత్రం అందులో ఆషాఢం బియ్యం, భాద్రపదం పాలు, పుష్యమాసంలో అమ్మగారి మందులు కనిపిస్తున్నాయి. అదీ పూర్తిగా సరిపోదు, ఇంకో 15 వేలు తక్కువ. శుక్ర మూఢం ఒక్కోసారి రెండు నెలలు దాటి సాగుతుంది. అలాంటి ఏడు వస్తే ఈ లెక్క ఇంకా కుంగుతుంది.

ఇప్పుడు ఆ డబ్బు మొత్తం ఊడ్చి కంప్యూటర్‌కు పెట్టారనుకోండి. క్రెడిట్ కార్డుకు సుమారు 6,700, యాప్‌కు 11,500, కలిపి నెలకు 18,200. శ్రావణంలో కొంటే భాద్రపదానికల్లా రెండు ఈఎంఐలూ మొదలై ఉంటాయి. అది శూన్యమాసం. రాబడి 15 వేలు, ఇంటికీ అప్పులకూ కలిపి పోవాల్సింది 52,200. లోటు 37,200, చేతిలో రూపాయి లేదు. అప్పుడేం చేస్తారు? ఇంకో యాప్ తెరుస్తారు. నా దగ్గరికి అప్పుల్లో మునిగి వచ్చేవాళ్లలో చాలామంది ఈ దారిలోనే వచ్చారు. మొదటి అప్పుతో ఎవరూ మునగరు, దాని ఈఎంఐ కట్టడానికి చేసిన రెండో అప్పుతో మునుగుతారు.

ఆ యాప్ వడ్డీ ఎంతో చూశారా? చేతికొచ్చేది 57 వేలు, కట్టేది 69 వేలు. ఆరు నెలలకు 12 వేలే కదా అనిపిస్తుంది. కానీ అసలు నెలనెలా తగ్గుతూ పోతుంది కాబట్టి, సరిగా లెక్కేస్తే నెలకు నూటికి ఐదు రూపాయల డెబ్బై ఐదు పైసలు పడుతోంది. ఏడాదికి 69 శాతం. ఊళ్లో ఎవరైనా నూటికి ఐదు రూపాయల వడ్డీ అడిగితే దండం పెట్టి వెనక్కి వచ్చేస్తాం. ఫోన్‌లో అడిగేసరికి ఒప్పేసుకుంటున్నాం. రుణం ఇచ్చే ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అందులో ఏపీఆర్ (ఫీజులు కలిపి ఏడాదికి పడే వడ్డీ శాతం) అన్న గడి చూడండి, ఈ అంకె అక్కడే ఉంటుంది.

నో కాస్ట్ ఈఎంఐ గురించి ఎక్కువ చెప్పను. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. షాపులో నగదు ధర అడిగి చూడండి. తేడా అక్కడే బయటపడుతుంది. పైగా క్రెడిట్ కార్డు ఈఎంఐలోని వడ్డీ భాగంపై 18 శాతం జీఎస్టీ ఉంటుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు వేసవి ముహూర్తాలు ఎలా పోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. రిజర్వు బ్యాంకు మారటోరియం (కొన్నాళ్లు ఈఎంఐ కట్టకుండా ఆగే వెసులుబాటు) ఇచ్చింది గానీ వడ్డీ పెరుగుతూనే ఉంది. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉన్నవాళ్లు ఆ ఏడాది నిద్రపోగలిగారు. మీ ఇంటికి అది 2,04,000. కొత్త కంప్యూటర్ కంటే ముందు నేను చూసే అంకె ఇదే. జీతగాళ్లకైతే మూడు నెలలు చాలంటాను, మీలాంటి సీజన్ రాబడికి ఆరు నెలలకు తగ్గితే ఒప్పుకోను.

దాని పక్కన ఇంకో 25 వేలు కంప్యూటర్ కోసమే ఉండాలి. ఇల్లంతా ఒక్క డబ్బా మీద నడుస్తోంది కదా. నా క్లయింటు ఒకాయన కూడా ఎడిటరే. మాఘమాసం నడిమధ్యన మదర్‌బోర్డు పోయింది. వారంటీ ఉంది. కానీ మార్చి ఇవ్వడానికి మూడు వారాలు పట్టింది. విడిగా దాచిన డబ్బుంది కాబట్టి మర్నాడే మరో బోర్డు కొని పనిలో కూర్చున్నాడు. అది లేకపోతే మూడు వారాల పని వేరే ఎడిటర్‌కు పోయేది, ఆ స్టూడియోలు తిరిగొచ్చేవో లేదో.

ఇక మీ కొటేషన్. అసెంబుల్ చేయించుకోవడంలో ఉన్న గొప్ప సౌకర్యాన్ని మీరు వాడుకోవడం లేదు. ల్యాప్‌టాప్‌ను సగం కొనలేం, డెస్క్‌టాప్‌ను కొనొచ్చు. ఎడిటింగ్‌కు మీరు ప్రీమియర్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారో రిజాల్వ్ వాడుతున్నారో రాయలేదు. రిజాల్వ్ గ్రాఫిక్స్ కార్డు మీద ఎక్కువ భారం వేస్తుంది. ప్రీమియర్ అయితే ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌తో మొదలుపెట్టొచ్చు. మోడల్ నంబరు చివర 'ఎఫ్' అక్షరం ఉంటే ఆ గ్రాఫిక్స్ ఉండదు, చూసుకోండి. ఇప్పటి కెమెరాలు ఇచ్చే 10 బిట్, 4:2:2, హెచ్.265 రకం వీడియో ఫైళ్లను ఆ ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్‌లోని ఇంటెల్ క్విక్ సింక్ హాయిగా తెరుస్తుంది. ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డుల్లో 50 సిరీస్‌కు ముందు వాటికి ఆ పని రాదు, ఎంత ఖరీదైనా సరే. ఆ 65 వేల కార్డు ఏ సిరీస్‌దో కూడా మీరు రాయలేదు.

మొదటి విడతగా నేనైతే ఇలా కొంటాను: ఒక మెట్టు తక్కువ ప్రాసెసర్ 22 వేలు, నాలుగు ర్యామ్ స్లాట్లున్న మామూలు మదర్‌బోర్డు 13 వేలు, 32 జీబీ ర్యామ్ 22,500, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ 9 వేలు, గాలి బాగా ఆడే సాదా క్యాబినెట్, ఎయిర్ కూలర్ కలిపి 6 వేలు. ఎస్‌ఎంపీఎస్ మాత్రం మీరు రాసిన 9 వేలదే. అందులో పైసా తగ్గించకండి, అది పాడైతే పక్కనున్న వాటినీ తీసుకుపోతుంది. మొత్తం 81,500. ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి ర్యామ్ ధరలు 2025 చివర్లో విపరీతంగా పెరిగాయి. అప్పు చేసి మరీ 64 జీబీ ఇప్పుడే కొనే అవసరం లేదు.

ఈ డబ్బు ఆ 80 వేల నుంచి తీయొద్దు. సీజన్ నెలలో మీకు మిగిలేది 41 వేలు. శ్రావణం మిగులు, ఆశ్వయుజం మిగులు కలిస్తే 82 వేలు. భాద్రపదం లోటు దాచినదాన్నుంచి వెళ్తుంది, అది ఉన్నదే అందుకు. దీపావళికి నగదు పెట్టి కొనండి, కార్తీకం పెళ్లిళ్లకు కొత్త కంప్యూటర్ మీద కూర్చుంటారు. అప్పటిదాకా పాతదాంట్లోనే ప్రాక్సీ ఫైళ్లు (ఫుటేజీకి తేలికపాటి నకళ్లు) చేసుకుని ఎడిట్ చేయండి. ప్రీమియర్‌లోనూ రిజాల్వ్‌లోనూ ఆ సౌకర్యం ఉంది, ఖర్చు లేదు, కాస్త ఓపిక కావాలి.

మీ జాబితాలో యూపీఎస్ లేదు. బ్యాకప్ డిస్కు లేదు. గాజు క్యాబినెట్ ఉంది. ఇది చూసి నిజంగా బాధనిపించింది. కరెంటు పోయి డ్రైవ్ పాడైతే ఆ పెళ్లి మళ్లీ చేయించలేం కదా. కార్తీకం మిగులులో మొదటి ఖర్చు ఈ రెండే కావాలి. మార్గశిరం నుంచి వచ్చే మిగులంతా పైన చెప్పిన ఆరు నెలల ఖర్చు నిధికి పోవాలి. గ్రాఫిక్స్ కార్డు నిధి నిండాకే.

మిగతావి టూకీగా. చీటీ ఉంటే దీనికోసం ముందుగా పాడకండి, వేలంలో తగ్గింపు కింద ఎక్కువ పోతుంది. బంగారం తాకట్టు యాప్ కంటే ఎంతో నయం, అయినా ఇప్పుడు అవసరం లేదు. నిధి నిండాక వ్యాపారానికి అప్పే కావాలంటే బ్యాంకులో ముద్ర రుణం అడగండి, అందులో కిశోర్ అనే విభాగం కింద 5 లక్షల దాకా ఇస్తారు. సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు వద్దు. ప్రతి పార్టుకూ సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి, లేకపోతే వారంటీ దగ్గర ఇబ్బంది. మీకు టర్మ్ పాలసీ (జీవిత బీమా), ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా ఈ ఏడాదే తీసుకోండి. వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. అమ్మగారి షుగర్ సంగతి దరఖాస్తులో దాచకండి.

ఈ జవాబు చేరేసరికే యాప్ డబ్బు ఖాతాలో పడిపోయి ఉంటే కంగారు పడకండి, ఖర్చు మాత్రం పెట్టకండి. డిజిటల్ రుణాలకు కూలింగ్ ఆఫ్ గడువు (రుణం వద్దనుకుని వెనక్కిచ్చే గడువు) కనీసం ఒక రోజైనా ఉండాలి. ఆ గడువులోపు అసలు, ఆ కాస్త రోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు పోతే పోనివ్వండి. ఎన్ని రోజుల గడువో కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో రాసి ఉంటుంది, ఈ రోజే తెరిచి చూడండి.