బడి మార్చాలా, ఇంట్లోనే చెప్పాలా?

ప్రశ్న: మా బాబు మూడో తరగతి. ప్రైవేటు స్కూలు ఫీజు, బస్సు కలిపి ఏడాదికి 58 వేలు అవుతోంది. అయినా తెలుగు పేపరు చదవలేడు. మావారు సర్కారు బడి అంటున్నారు. మా చెల్లెలు ఇంట్లోనే చెప్పుకోమంటోంది. ఏం చేయాలి?
– ఒక తల్లి, జనగామ

జవాబు: అమ్మా, ముప్పై ఒక్క ఏళ్లు సర్కారు బడుల్లో పాఠాలు చెప్పినదాన్ని, నా మొగ్గు ఎటో మీకు తెలిసిపోతుంది. అయితే మా అబ్బాయిని మాత్రం కాన్వెంటుకే పంపాను. ఆ మాటెత్తితే మా ఆయన ఇప్పటికీ నవ్వుతారు.

ఒకరోజు వీలుచేసుకుని మీ దగ్గరి సర్కారు బడికి వెళ్లండి. గోడల రంగులు చూడకండి, టీచర్లెందరో చూడండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. అంటే ఐదు తరగతులకు ఇద్దరే! ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చుంటాయి. నేనూ అలాగే నెట్టుకొచ్చాను, సాయంత్రానికి గొంతు పోయేది. మధ్యాహ్న భోజనం వేళ వెళ్తే ఇంకా మంచిది. టీచరు పిల్లల్ని పేరుపెట్టి పిలుస్తారో లేదో అక్కడే తెలుస్తుంది.

ఇంటి చదువంటారా, రోజూ రెండు మూడు గంటలు కూర్చునే ఓపిక ఎవరికుంది? మీకా, మీ చెల్లెలికా? పదో తరగతి గురించి టెన్షన్ వద్దు. 14 ఏళ్లు నిండాక కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూలు అయిన ఎన్‌ఐఓఎస్ ద్వారా రాయొచ్చు.

బడి సంగతి తేలేలోపు రోజూ రాత్రి పావుగంట బాబు చేత తెలుగు కథ పైకి చదివించండి. తప్పు చదివితే వెంటనే దిద్దకండి, వాక్యం పూర్తి కానివ్వండి.